సిస్టరమ్మ బండి బ్యాటరీ

మా గల్లీ మొదట్లో కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఆమె నవ్వుతోంది. పైన తెల్ల పావురం, పక్కన కొవ్వొత్తి, కింద పెద్ద అక్షరాలతో "కుటుంబమే లోకంగా బతికిన మా ప్రియమైన అక్కయ్యకు కన్నీటి నివాళి". ఆ ఫొటో తీసింది నేను. అసలు ఫొటోలో ఆమె తన వ్యాను తలుపు పట్టుకుని నిలబడి ఉంటుంది, రెండో చేతిలో పానా. ఫ్లెక్సీ వేయించినవాళ్ళు వ్యానును కోసేశారు, పానాను కోసేశారు. వాటితోపాటు ఆమె చేతులు కూడా పోయాయి. మిగిలిన ముఖం వెనక నీలాకాశం అతికించారు. కుటుంబమే లోకంగా బతికిందట! చదివి నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆమె పుట్టింది, చదివింది, పెద్ద దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది, పెళ్ళి చేసుకోలేదు అన్నవన్నీ పాస్టరుగారు మైకులో చెప్పేశారు. అవి మళ్ళీ చెప్పే ఓపిక నాకు లేదు. మెదక్‌లో సగం మందికి ఆమె సూది పొడిచింది కాబట్టి ఊరందరికీ ఆమె సిస్టరమ్మ. పక్క పోర్షన్లో కిరాయికుండే తెలుగు టీచర్ని నేను. నేను ఆమెను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను టీచరమ్మా అనేది. నాకు బాగా గుర్తున్నవి ఫ్లెక్సీలో లేకుండా పోయిన ఆ చేతులే.

నర్సుల అలవాటు ఒకటుంది. కాగితం అందకపోతే బీపీ, జ్వరం అన్నీ అరచేతి మీద రాసుకుంటారు. ఆమె రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. వ్యాను బ్యాటరీకి మీటరు పెట్టి చూసి, ఆ అంకె ఎడమ అరచేతి మీద బాల్‌పెన్నుతో రాసుకునేది. అన్నం కలిపితే అది పోయేది. పోయాక మళ్ళీ మీటరు తెచ్చుకునేది. ఫ్యూజులు పాత మాత్రల డబ్బాల్లో దాచేది. తెగిన వైర్లకు నల్ల టేపు చుట్టకుండా దవాఖాన ప్లాస్టరు చుట్టేది. అది రెండు ఎండలకు ఊడిపోతుందని బండి బాగుచేసే మేస్త్రీ మొత్తుకునేవాడు. "ఒంటికి అంటుకునేది వైరుకు అంటుకోదా?" అని ఆమె వాదించేది. నిజంగానే ఊడిపోయేది. అయినా మళ్ళీ ప్లాస్టరే చుట్టేది, అంత మొండిది.

ఆ వ్యాను ఏదో స్కూలువాళ్ళు వదిలించుకున్నది. సీట్లన్నీ పీకించి, ఒక పక్క పడుకోవడానికి చెక్క బల్ల కొట్టించుకుంది. బల్ల కింద నీళ్ళ క్యాన్లు, వెనక చిన్న గ్యాసు పొయ్యి, పైన ఒక ఫ్యాను, రెండు లైట్లు. ఆపరేషన్ థియేటర్లో వాడే ఆకుపచ్చ గుడ్డ కొనుక్కొచ్చి కిటికీలకు తనే కర్టెన్లు కుట్టుకుంది. ఊళ్ళో దీన్ని చూసి నవ్వనివాళ్ళు లేరు. "రిటైరైతె యెరూషలేముకు పోతరు, లేకపోతె బిడ్డల తాన ఉంటరు. గీ ముసల్ది బండి గట్టుకోని ఏడికి పోతదట?" అని మా ఇంటి ఓనరమ్మే అనేది.

ఎక్కడికో దూరమేమీ పోయేది కాదు. కౌడిపల్లి వైపు ఏదో చెరువు కట్ట దగ్గర ఆపుకునేది. జాతర అయిపోయి జనం ఖాళీ అయ్యాక ఏడుపాయల దగ్గర మంజీర ఒడ్డున ఒకటి రెండు రోజులుండేది. చర్చికి పోయే మనిషివి దుర్గమ్మ గుడి దగ్గర నీకేం పని అని ఎవరో అడిగితే, "మంజీర నీళ్ళకు బాప్తీస్మం అయిందా లేదా అని నేను అడగలే" అంది. అక్కడ ఏం చేసేదంటే, ఏమీ చేసేది కాదు. చాయ్ పెట్టుకుని, తలుపు తెరిచి, కాళ్ళు బయటికి వేలాడేసి కూర్చునేది.

"ఇన్నేండ్లు బెల్లు కొడితె లేచి ఉరికిన టీచరమ్మా. ఇంటికొస్తె తమ్ముడు పిలిచె, తమ్ముని పెండ్లాం పిలిచె, వాండ్ల పోరలు పిలిచె. ఇప్పుడు ఎవలూ పిలువని జాగల జర కూసుంట. ఇంకేం అడుగుతలేను నేను" అని నాతో ఒకసారి అంది. నిజంగానే ఆమె ఇంకేమీ అడగలేదు. ఆ ఒక్కటి ఇవ్వడానికి కూడా ఈ ఊరికి చేతులు రాలేదు.

బండి మొదటి నుంచీ ఒకటే జబ్బు. వారం ఇంటి ముందు నిలిపితే బ్యాటరీ నీరసపడేది. ఎట్లాగో స్టార్టు చేసుకుని పోతే, వచ్చేటప్పుడు సెల్ఫు కొట్టేది కాదు. తాళం తిప్పితే టిక్కు టిక్కుమని ఊరుకునేది. రామాయంపేట రోడ్డులో ఆటో ఎలక్ట్రీషియన్ షాపున్న ఆ మేస్త్రీయే ఆమె బండికి ఆస్థాన వైద్యుడు. "బండి ముసల్ది, బ్యాటరీ ముసల్ది, గిట్లనే ఉంటది సిస్టరమ్మా. బ్యాటరీ మార్చుండ్రి" అన్నాడు. మార్చింది. కొత్తదీ అంతే. "వైరింగు ఎలుకలు కొట్టినయి" అన్నాడు. వైరింగు చేయించింది. అదీ అంతే.

ఇక్కడ ఆమె తమ్ముడి సంగతి చెప్పాలి. తల్లి పోయినప్పుడు వాడు పాలు తాగే పిల్లవాడట. చంకనేసుకుని పెంచింది ఈమే. ఇప్పుడు కాంట్రాక్టులు చేస్తాడు, కారుంది, చర్చి కమిటీలో పేరుంది. కౌడిపల్లి దగ్గర ఆమె బండి మొదటిసారి ఆగిపోయినప్పుడు అది రోడ్డుకు దూరం, ఆమె ఫోను కంపెనీకి అక్కడ సిగ్నలు లేదు, మనిషి జాడ లేదు. ఎండలో పొద్దంతా కూర్చుంది. పొద్దు గూకే వేళకు దుమ్ము లేపుకుంటూ తమ్ముడి కారు వచ్చింది. డిక్కీలో బ్యాటరీకి బ్యాటరీ కలిపే వైర్లు కూడా ఉన్నాయి. "ఇటు దిక్కు పని మీద వచ్చిన అక్కా" అన్నాడు. తర్వాత ఏడుపాయల దగ్గర ఆగిపోయినప్పుడూ ఇంతే. అడవి దగ్గర ఆగిపోయినప్పుడూ ఇంతే.

ఆమె దానికి ఒక్కటే అర్థం తీసుకుంది. చర్చి స్త్రీల కూడికలో సాక్ష్యం చెప్పింది. దేవుడు తమకు చేసిన మేలు పదిమందిలో నిలబడి చెప్పడం వాళ్ళ ఆచారం. "చాయ్ మంచిగుంటది రా" అని నన్ను కూడా తోలుకుపోయింది కాబట్టి నేను చెవులారా విన్నాను.

"ఫోను లేదు, మనిషి లేడు. కండ్లు మూసుకోని ప్రార్థన చేసిన. కండ్లు తెరిస్తె మా తమ్ముని కారు! నేనున్న జాగ వానికి ఎవలు చెప్పిండ్రు? ప్రభువే వాని చెవుల చెప్పిండు" అంటూ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆడవాళ్ళంతా స్తోత్రం స్తోత్రం అన్నారు. నాకు కూడా ఒళ్ళు జలదరించింది, అబద్ధమెందుకు. ఆ సాక్ష్యం ఎంత పేరు పడిందంటే, కొత్తవాళ్ళెవరు వచ్చినా పాస్టరుగారి భార్య ఆమెను లేపి మళ్ళీ చెప్పించేది.

తమ్ముడు మాత్రం కాపాడిన ప్రతిసారీ ఒకే మాట అనేవాడు. "చూసినవా అక్కా? ఒంటి ఆడమనిషివి, ఏమన్న అయితె ఎట్ల? ఇగ చాలు, బండి అమ్ముదాం." వినగా వినగా ఆమె మెత్తబడింది. నాలుగోసారి కూడా సెల్ఫు కొట్టనప్పుడు నా దగ్గరికి వచ్చి, "టీచరమ్మా, రేపు ఆదివారం నువ్వు జర టార్చి వట్టు. నేనే చూస్త. కరెంటు ఏడికి పోతున్నదో దొరికితె ఉంచుకుంట, దొరకకపోతె అమ్మేస్త" అంది. ఆ గొంతు విని నాకు భయమేసింది. అమ్మేస్తే ఆమె మళ్ళీ తమ్ముడి ఇంట్లో ఎవరో ఒకరు పిలిస్తే పలికే మనిషైపోతుంది.

మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చి, తెల్లచీర మార్చుకుని పాత నైటీ మీద తువ్వాలు వేసుకుని దిగింది. "రోగి తనకు నొప్పి యాడుందో చెప్పడు. మనమే ఒక్కొక్క జాగ ఒత్తుకుంట పోవాలె" అని మొదలుపెట్టింది. తాళం తీసేసి, లైట్లు, ఫ్యాను అన్నీ బందు చేసి, బ్యాటరీ మైనస్ వైరు ఊడదీసి, మధ్యలో మీటరు కలిపింది. అన్నీ బందు చేశాక మీటరు దాదాపు సున్నా చూపించాలి. చూపించలేదు. బండి నిద్రపోతున్నా ఏదో మేలుకుని తాగుతూనే ఉంది. ఆ అంకె అరచేతి మీద రాసుకుంది.

తర్వాత ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకడం. ఏ ఫ్యూజు పీకితే మీటరు పడిపోతుందో ఆ దారిలోనే దొంగ ఉన్నట్టు. హారన్ ఫ్యూజు పీకింది, పడలేదు. లైట్లది పీకింది, పడలేదు. ఫ్యానుది, వైపర్లది, అన్నీ మాత్రల డబ్బాలోకి పోయాయి. మీటరు మీద అంకె అట్లాగే ఉంది. ఆమె నడుం పట్టుకుని లేచి నిలబడింది.

"ఫ్యూజులన్నీ పీకినంక సుత తాగుతున్నదంటె, ఇది తలుపుల కెల్లి రాలే టీచరమ్మా. గోడ దుంకి వచ్చింది."

అంటే ఫ్యూజులతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకే ఎవరో వైరు కలిపారన్నమాట. టార్చి దగ్గరికి పెట్టాను. బ్యాటరీ ప్లస్ బిళ్ళ కింద సన్నటి ఎర్ర వైరు ఒకటి కనిపించింది. నల్ల టేపు నున్నగా, అందంగా చుట్టి ఉంది. ఈమె చేసిన పనైతే ప్లాస్టరు ఉండేది. ఆ వైరు రబ్బరు మ్యాట్ కింద నుంచి డ్యాష్‌బోర్డు వెనక్కి పోయింది. అక్కడ చెయ్యి పెట్టి తడిమి, అగ్గిపెట్టెంత నల్ల డబ్బా బయటికి లాగింది. దాని మీద చిన్న లైటు ఆరుతూ వెలుగుతోంది.

నేను చూడగానే పోల్చుకున్నాను. మా స్కూలు బస్సుల్లో అదే ఉంటుంది. బస్సు ఎక్కడ ఉందో ఫోనులో చూపిస్తుంది, లోపల సిమ్ము కూడా ఉంటుంది. అది విన్న ఆమె ముఖం తేలికపడింది. "అయితె స్కూలోళ్ళదే. బండితో పాటు మర్చిపోయిండ్రు. హమ్మ, ఇన్నొద్దులు ఇదా నా పానం తీసింది!" అని వైరు పుటుక్కున లాగేసింది. మీటరు సున్నాకు పడిపోయింది. అరచేతి మీద పెద్ద సున్నా చుట్టి, చిన్నపిల్లలా నాకు చూపించింది. బండి అమ్మక్కర్లేదు. ఆ సంబరంలో వ్యానులోనే చాయ్ పెట్టింది.

పాలు ఇంకా పొంగలేదు, ఆమె ఫోను మోగింది. చేతులకు గ్రీజు ఉందని స్పీకరు పెట్టమంది. తమ్ముడు.

"అక్కా, బండి మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది. ఏంరా?"

"ఏం లే, ఊకెనే జేసిన. బండిని ఏమన్న ఇప్పుతున్నవా?"

ఆమె నా వైపు చూసింది. ఆ చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేను. వైరు తీసేస్తే ఆ డబ్బా యజమాని ఫోనుకు కబురు పంపుతుందని మా బస్సు డ్రైవర్ల వల్ల నాకు తెలుసు. నేను చెప్పకుండానే ఆమెకు కూడా అర్థమైపోయింది. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఇద్దరం పొయ్యి కట్టేయలేదు.

"నీకెట్ల తెల్సురా?" అంది. "ఇంటికి రా" అని చెప్పి, నన్ను ఫోను కట్టేయమంది.

వచ్చాడు. తప్పు చేసినవాడి ముఖమేమీ కాదు. చెప్పులు విడిచి, వ్యాను మెట్టు మీద దర్జాగా కూర్చున్నాడు.

"నీ మంచికే పెట్టించిన అక్కా. నువ్వు ఒక్కదానివి తిరుగుతుంటె మాకు పరేషాన్ కాదా?"

"ఎవలు వెట్టిండ్రు?"

"మేస్త్రీయే. ఫ్యాను, లైట్లు బిగిచ్చిననాడే."

బ్యాటరీ మార్చమన్నదీ, ఎలుకలు కొట్టాయన్నదీ ఆ మేస్త్రీయే. ఆమె కాసేపు నవ్వింది.

"నీ ఫోన్లనే కనబడ్తదా?"

"ఇంట్ల అందరి ఫోన్లల్ల ఉన్నది. పోరలు పొద్దున లేస్తెనే చూస్తరు, అత్త ఇయ్యాల ఏడున్నది అని" అన్నాడు మురిపెంగా.

ఆమె చేతులు తుడుచుకుంటూ అడిగింది. "కౌడిపల్లి కాడ బండి ఆగిననాడు, కదుల్తలేదని ఎప్పుడు చూసినవ్?"

"పొద్దుగాలనే చూసిన."

"మరి పొద్దుగూకెదాక ఎందుకు రాలే?"

వాడు తల దించుకోలేదు. అదే నన్ను ఇప్పటికీ మండిస్తుంది. "నీకు సుత జర తెల్వాలె గద అక్కా, ఒక్కతే పోతె ఎట్లుంటదో" అన్నాడు.

ఇలాంటి చోట ఆమె ఏడవలేదు, రాయిలా నిలబడింది అని రాస్తే బాగుంటుంది. కానీ ఏడ్చింది. వాడు పోయాక, గ్రీజు చేతులతోనే ముఖం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "నేను ప్రార్థన చేస్తుంటె వాడు ఫోన్ల చూసుకుంట కూసున్నడు టీచరమ్మా" అంది. వాడి మీద కంటే, మూసుకున్న తన కళ్ళ మీదే ఆమెకు ఎక్కువ సిగ్గనిపించినట్టుంది.

తర్వాతి స్త్రీల కూడికకు నన్ను రమ్మంది. నేను వద్దన్నా వినలేదు. ఎవరూ లేపకుండానే లేచి నిలబడి, "నేను మీకు చెప్పిన సాక్ష్యం నిజం కాదు. ప్రభువు ఎవని చెవులా చెప్పలే. మా తమ్ముడు బండిల సిమ్ము పెట్టిచ్చిండు. దేవుని పేరు మీద తప్పు సాక్ష్యం చెప్పిన, వాపస్ తీసుకుంటున్న" అని చెప్పింది. సాక్ష్యం వాపసు తీసుకున్నవాళ్ళను ఆ హాలులో ఎవరూ చూసి ఉండరు.

అప్పుడు ఆ ఆడవాళ్ళు ఏమన్నారో తెలుసా? "ఎంత మంచి తమ్ముడమ్మా! మా తమ్ముండ్లు పండుగకు ఫోను సుత చెయ్యరు" అన్నారు. "అదృష్టవంతురాలివి" అన్నారు. పాస్టరుగారి భార్య లేచి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "దేవుడు ఏ రూపంల అయినా వస్తడు సిస్టరమ్మా. ఆ డబ్బ రూపంల వచ్చిండనుకోండ్రి."

"దేవుడైతె బ్యాటరీ తాగడమ్మా" అని ఈమె చెయ్యి తీసేసింది.

ఆ రోజు నుంచి ఊరికి ఆమె చెడ్డదైంది. తమ్ముడి ప్రేమను కాలదన్నిన గర్విష్ఠి. నిలువునా మోసం చేసిన మేస్త్రీ మంచివాడు, వాడి షాపుకు గిరాకీ ఏమీ తగ్గలేదు. క్రిస్మసుకు తమ్ముడి ఇంటి నుంచి కేకు రాలేదు. నేను ఇప్పుడు ఎవరినీ క్షమించే స్థితిలో లేను కాబట్టి ఇవన్నీ రాస్తున్నాను.

బండి మాత్రం బాగుపడింది. నెల నిలిపినా తాళం తిప్పగానే అందుకునేది. చెప్పకుండా పోయేది, చెప్పకుండా వచ్చేది. ఒకసారి నన్ను తోలుకుపోయింది. ఘనపురం ఆనకట్ట ఇవతల, నీళ్ళు కనిపించేచోట ఆపింది. పచ్చిపులుసు, కోడిగుడ్డు కూర వండింది. తిన్నాక బల్ల మీద పడుకుని, నోరు తెరుచుకుని, గురక పెడుతూ నిద్రపోయింది. దవాఖాన మనిషి అంత మొద్దునిద్ర పోవడం నేనెప్పుడూ చూడలేదు. ఫ్యాను తిరుగుతుంటే ఆకుపచ్చ కర్టెను ఆమె కాళ్ళ మీద ఆడుతోంది. లేచాక, "ఎవలన్న పిలిచిండ్రా?" అంది. ఎవరూ పిలవలేదన్నాను. ఎంత సంతోషపడిందో.

పోయింది కూడా అక్కడే. చేపలు పట్టేవాళ్ళు చూసి కబురు పెడితే, తమ్ముడి కారులోనే నేనూ పోయాను. వ్యాను తలుపు తెరిచే ఉంది. ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది. ముందురోజు నుంచీ వెలుగుతున్నా బ్యాటరీ దిగలేదు. సగం తాగిన చాయ్ గ్లాసు ఉంది. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రల పట్టీ చింపి ఉంది. ఆమె నీళ్ళ వైపు తిరిగి పడుకుని ఉంది. గుండె ఆగిందన్నారు డాక్టరు.

నిన్న జ్ఞాపకార్థ కూడిక. తమ్ముడు మైకు పట్టుకుని భోరుమన్నాడు. "ఆ డబ్బ పీకకపోతె మా అక్క ఇయ్యాల మన మధ్యల ఉంటుండె. బండి కదుల్తలేదని నాకు తెలుస్తుండె, ఉరికిపోయి తెచ్చుకుంటుంటి" అన్నాడు. హాలంతా తలలూపింది. ఆ రోజు టార్చి పట్టింది నేనని తెలిసినవాళ్ళు వెనక్కి తిరిగి నన్ను చూశారు కూడా.

భోజనాల దగ్గర వాడే ప్లేటు పట్టుకుని నా పక్కకు వచ్చాడు. "టీచరమ్మా, మీరన్నా అప్పుడు ఆ డబ్బ పీకొద్దని అక్కకు జర చెప్పకపోతిరి" అన్నాడు. ఇక నా వల్ల కాలేదు.

"ఫోను ఆమె చెయ్యి పక్కనే ఉండె. నువ్వూ చూసినవ్. బండి వైరుకే పెట్టి ఉండె, నిండా చార్జింగు ఉండె. అక్కడ సిగ్నలు మంచిగనే ఉంటది, నువ్వు అక్కడి నుంచే గద పోలీసులకు చేసినవ్. మాత్రల పట్టీ చింపుకునేంత సేపు ఉండె ఆమెకు. నర్సు, ఏమైతున్నదో తెల్వదా? అయినా నీకు చెయ్యలే."

వాడు ప్లేటు కింద పెట్టాడు. ఆ తర్వాత చాలా మెల్లగా అడిగాడు.

"మీకు చేసిందా?"

లేదు, నాకూ చెయ్యలేదని చెప్పి, తినకుండానే ఇంటికి వచ్చేశాను.